ఈశాన్యం మూలకు తోస్తే నేరుగా పోయే రోబో

ఇది ఇనుము ఇనుమును కొరికిన కథ. నిప్పురవ్వలు పైకప్పును తాకిన కథ. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల యోధులు సర్వస్వాన్నీ పణంగా పెట్టి, ఉక్కు పంజరంలో చావోరేవో తేల్చుకున్న మహాసంగ్రామం. ఇందులో వీరులున్నారు, గురువులున్నారు, సింహాసనం కోసం పోటీ ఉంది, చివరికి నెత్తురు కూడా ఉంది.

అంత లేదు. కొట్లాడే చిన్న రోబోలకు రిమోట్ ఎలా కొనాలి, అందులో ఛానళ్లు ఎలా కలపాలి అన్నదే ఇక్కడి సంగతి. నెత్తురు ఒక్కసారే వచ్చింది. అదీ ప్లాస్టిక్ ప్యాకెట్‌ను పళ్లతో చించబోయిన ఒకడి పెదవి నుంచి.

ఈ వృత్తి నుంచి నేను ఇరవై తొమ్మిదో ఏట రిటైరయ్యాను. నవ్వకండి. క్రికెటర్ రిటైరైతే సన్మానం చేస్తారు, నేను రిటైరయ్యానంటే వయసు అడుగుతున్నారు. మోకాళ్లు బాగానే ఉన్నాయి, బొటనవేళ్లే అరిగిపోయాయి. మొయినాబాద్‌లో రోబో సామాన్లు అమ్మే దుకాణంలో ఉంటూ, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల జట్లకు రిమోట్లు సెట్ చేయడం నా పని. రోబో చేసేది పిల్లలు, పేపర్లో ఫొటో వచ్చేది సార్లది, "అన్నా, గిది తిరుగుతలేదు" అనే ఫోను వచ్చేది నాకు. ఇప్పుడు కనకమామిడి వైపు ఫాంహౌస్‌లకు రిమోట్ గేట్లు బిగిస్తున్నాను. ఆ రిమోట్‌కు రెండే బటన్లు. గేటు మన మీదికి రాదు. హాయిగా ఉంది.

కొత్తగా ఈ లైన్‌లోకి దిగేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. అడగనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, వాళ్ల జీవితాలు ఇంకా చెడిపోలేదు.

ఛానళ్ల సంతర్పణ

మా దుకాణం యజమాని సత్యం సేటు. వాళ్లది తరాలుగా వ్యాపారం చేస్తున్న కుటుంబం. నాన్నగారి కాలంలో బోరు మోటార్లు, స్టార్టర్ డబ్బాలు అమ్మేవారు. సేటుకు రోబోల గురించి తెలిసింది ఒకటే: పెద్ద డబ్బాలో వచ్చేది మంచి సరుకు.

ఒకరోజు సురంగల్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. కాలేజీ పోటీకి మొదటి రోబో చేస్తున్నారు.

"సేటూ, రిమోట్ కావాలె. ఎన్ని ఛానళ్లది తీసుకోవాలె?" అని పెద్దోడు అడిగాడు.

"ఎన్ని ఉంటే అన్ని మంచిది బిడ్డా. పదహారు ఛానళ్లది ఉన్నది. తర్వాత బాధపడొద్దు" అన్నాడు సేటు.

"మాకు రెండు చక్రాలు, ఒక బ్లేడు. గంతే సేటూ."

"ఇయ్యాల గంతే. రేపు పెరుగుతయ్."

"చక్రాలా?"

"ఏదైనా పెరుగుతది బిడ్డా, వయసుల ఉన్నరు."

వాళ్లు పదహారు ఛానళ్లదే పట్టుకెళ్లారు. మూడు వాడారు. మిగిలిన పదమూడూ ఇప్పటికీ ఆ ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉంటాయి, పెళ్లికి వచ్చి వెళ్లకుండా ఉండిపోయిన చుట్టాల్లాగా.

ఛానల్ అంటే ఒక ఆజ్ఞ మోసే దారి. రోబో నడవడానికి రెండు, ఆయుధానికి ఒకటి, తలకిందులైనప్పుడు ముందు వెనకలు మార్చే మీటకు ఇంకొకటి. ఆరు ఛానళ్ల రిమోట్ కొంటే మీ వంశానికి సరిపోతుంది. ఛానళ్లకు పెట్టే డబ్బు చక్రాలకు పెట్టండి. ఈ ముక్క దుకాణంలో ఉన్నన్నాళ్లూ సేటు చాయ్ తాగడానికి బయటికి వెళ్లినప్పుడే చెప్పేవాణ్ని.

ఇంకొక సంగతి, స్ప్రింగు. విమానాల కోసం చేసిన రిమోట్లలో, బొటనవేలితో తోసే ఎడమ స్టిక్ వదిలేస్తే మధ్యకు రాదు, పెట్టినచోటే ఉంటుంది. ఆకాశంలో అది సౌకర్యం. నేల మీద దాంతో రోబోను నడిపితే, మీరు తుమ్ముతారు, రోబో గోడ దాకా పోతుంది. నడపడానికి ఎప్పుడూ తనంతట తాను మధ్యకు వచ్చే స్టిక్ వాడండి. వెనక్కి రాని స్టిక్‌ను ఆయుధానికి ఇవ్వండి. తుమ్మినా కత్తి తిరుగుతూ ఉండాలి కదా.

ఆపడానికి ఆన్ చేయాలి

రమణ సార్ మొయినాబాద్ దగ్గరి ఒక కాలేజీలో లెక్చరర్, అక్కడి రోబో జట్టుకు గురువు. ఏ విషయమైనా వీడియోలో సగం చూసి, మిగతా సగం ఆత్మవిశ్వాసంతో పూరించేవారు. ఆయన లేకపోతే నాకు ఇంత పని ఉండేది కాదు. ఆ మేరకు కృతజ్ఞత ఉంది.

రిమోట్‌కూ రోబోకూ మధ్య సిగ్నల్ తెగితే రోబో ఏం చేయాలో ముందే చెప్పి పెట్టాలి. దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. సరైన సమాధానం ఒక్కటే ఉంది: చక్రాలు ఆగాలి, కత్తి ఆగాలి. రమణ సార్‌కు ఇది పిరికితనంగా తోచింది.

"సిగ్నల్ పోతే మన వెపన్ ఆగుడేంది? ఫుల్ స్పీడ్ పెట్టు. ఆఖరి దాకా కొట్లాడాలె" అన్నారు. నేను పెట్టనంటే ఆయనే కూర్చుని, ఆయుధం స్టిక్ పైకి తోసి, బటన్ నొక్కి పెట్టుకున్నారు.

తర్వాత ప్రిన్సిపాల్ గారు చూడ్డానికి వచ్చారు. రోబోను ఇటుకల మీద ఎత్తి పెట్టారు. సార్ కత్తిని కాస్త తిప్పి చూపించారు. ప్రిన్సిపాల్ చెవులు మూసుకుని "చాలు చాలు, ఆపండి" అన్నారు. రమణ సార్ చిరునవ్వుతో స్టిక్ కిందికి దించి, రిమోట్ ఆఫ్ చేశారు.

సిగ్నల్ తెగింది. రోబో ఆఖరి దాకా కొట్లాడ్డం మొదలుపెట్టింది.

కత్తి పూర్తి వేగానికి వెళ్లేసరికి రోబో వణుకుతూ ఇటుకల మీద నుంచి దిగి, గచ్చు మీద గింగిరాలు తిరుగుతూ బయల్దేరింది. ప్రిన్సిపాల్ కుర్చీ ఎక్కారు. నేను అరిచాను: "సార్, రిమోట్ ఆన్ చెయ్యుండ్రి!"

"ఆపుమంటుంటే ఆన్ చెయ్యమంటవేందిరా!"

"ఆన్ చేస్తేనే ఆగుతది సార్!"

"నీకు దిమాగ్ ఉన్నదా?"

ఈ చర్చ సాగుతుండగా రోబో వెళ్లి ప్రిన్సిపాల్ కోసం తెచ్చి నేల మీద గోడకు ఆనించి పెట్టిన పూలగుత్తిని కలిసింది. బంతి రేకులు ఫ్యాను దాకా లేచాయి. చివరికి ఎవరో రిమోట్ లాక్కుని ఆన్ చేస్తే రోబో ఠక్కున ఆగింది. ప్రిన్సిపాల్ కుర్చీ దిగకుండానే "వెరీ గుడ్" అన్నారు. ఆయనకు అదంతా ప్రదర్శనలో భాగం అనిపించింది. రమణ సార్ ఆ అభిప్రాయాన్ని ఇంతవరకూ సరిదిద్దలేదు.

కాబట్టి ఫెయిల్‌సేఫ్ అంటే ఆగడం. వీరమరణం పొందాలనుకుంటే మీరు పొందండి, రోబోకు నేర్పకండి.

కలిపినదాన్ని మళ్లీ కలిపితే

ఇప్పుడు అసలు సంగతి, మిక్సింగ్.

మన రోబోకు స్టీరింగ్ ఉండదు. ఎడమ చక్రానికి ఒక మోటారు, కుడి చక్రానికి ఒక మోటారు. రెండూ ముందుకు తిరిగితే నేరుగా పోతుంది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిరిగితే ఉన్నచోటే మళ్లుతుంది. మనిషి చేతిలో ఒక్క స్టిక్ ఉంటుంది: పైకి తోస్తే పోవాలి, పక్కకు తోస్తే మళ్లాలి. స్టిక్ చెప్పేదాన్ని రెండు చక్రాలకు అర్థమయ్యేలా కలిపి పంచడమే మిక్సింగ్.

ఈ కలిపే పని రెండు చోట్ల చేయొచ్చు. రిమోట్‌లో చేయొచ్చు, లేదా రోబో లోపల మోటార్లకు కరెంటు పంచే కంట్రోలర్‌లో చేయొచ్చు. ఎక్కడైనా సరే, ఒక్కచోటే. రెండు చోట్లా పెడితే పప్పులో రెండుసార్లు ఉప్పు పడ్డట్టు అనుకుంటారు. అంతకంటే ఘోరం. కలిపినదాన్ని మళ్లీ కలిపితే విడిపోతుంది. స్టిక్ పైకి తోస్తే ఎడమ చక్రం ఒక్కటే తిరుగుతుంది. పక్కకు తోస్తే కుడి చక్రం ఒక్కటే తిరుగుతుంది.

శిరీష రోబోకు జరిగింది ఇదే. శిరీషది ముడిమ్యాల, రమణ సార్ కాలేజీలో మూడో సంవత్సరం. వాళ్ల బాపు మల్లయ్య ట్రాక్టర్ కిరాయికి తోలుతాడు. అరిగిపోయిన నాగలి కర్రు ఉక్కుతో ఆ అమ్మాయి రోబోకు పట్టీ లాంటి కత్తి చేసింది. కట్టింది తనే, వెల్డింగ్ తనే. పోటీలో నడిపేదీ తనే అనుకుంది. కంట్రోలర్‌లో మిక్సింగ్ కంపెనీ నుంచే ఆన్‌లో వచ్చింది. రమణ సార్ సగం వీడియో చూసి రిమోట్‌లోనూ ఆన్ చేసి ఇచ్చారు.

వేరే ఎవరైనా అయితే ఆ గంటలోనే ఫోను చేసేవాళ్లు. శిరీష చేయలేదు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచి ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూర్చుని పెరిగింది. ట్రాక్టర్‌కు వెనక చక్రాలకు బ్రేకులు వేర్వేరుగా ఉంటాయి. చాలు చివర మళ్లేటప్పుడు ఒక పక్క బ్రేకు మాత్రమే తొక్కుతారు. కాబట్టి ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి అంటే తనకు న్యాయంగానే అనిపించింది. సెలవులన్నీ ట్రాక్టర్ షెడ్డులో అలాగే నేర్చుకుంది. నేరుగా పోవాలంటే రెండు చక్రాలూ తిరగాలి, అంటే స్టిక్‌ను పైకీ కుడికీ మధ్య మూలకు తొయ్యాలి. ఈశాన్యం. వెనక్కి రావాలంటే నైరుతి. కుడికి మళ్లాలంటే వాయవ్యం, ఎడమకు ఆగ్నేయం. లోకంలో వాస్తు ప్రకారం నడిచే రోబో అదొక్కటే.

తొట్టతొలి ట్రయల్, తొట్టతొలి ఏడుపు

పోటీ దగ్గర పడ్డాక రమణ సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. జట్టులో అఖిల్ అనే కుర్రాడున్నాడు. డ్రోన్‌లు ఎగరేస్తాడు, కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుంటాడు. "డ్రైవర్‌గా ఆడు ప్రొఫెషనల్‌గ కనిపిస్తడు" అన్నది సార్ తర్కం.

అఖిల్ రిమోట్ పట్టుకుని స్టిక్ పైకి తోశాడు. రోబో ఒక చక్రం మీద బొంగరంలా తిరిగింది. పక్కకు తోశాడు. ఇంకో వైపు తిరిగింది. కళ్లద్దాలు కిందికి దించుకుని తోశాడు. అయినా తిరిగింది.

నన్ను పిలిచారు. నేను విషయం కనిపెట్టి చెప్పాను. శిరీషను నడిపి చూపించమన్నాను. షటిల్ కోర్టు గీత మీద నూలు పట్టినట్టు నడిపింది. మూల దగ్గర మళ్లించి, వెనక్కి తెచ్చి, నా చెప్పుకు బెత్తెడు దూరంలో ఆపింది. నాకు చెమట పట్టింది, అది వేరే విషయం.

"గిది రాంగ్ కదా" అన్నారు సార్.

"రాంగే సార్. కానీ నడుస్తున్నది" అన్నాను.

"రాంగ్‌ను కరెక్ట్ చెయ్. కరెక్ట్ దాని మీద ఎవరు మంచిగ నడిపితే రిమోట్ ఆళ్లకే."

"సార్, నా చేతికి గిదే అలవాటైంది. ఇప్పుడు మారిస్తే నాకు కొత్తగ అయితది" అంది శిరీష.

"ఇంజినీర్ అనేటోళ్లు అడాప్ట్ కావాలె అమ్మా" అన్నారు, రిమోట్ పట్టుకోవడం కూడా రాని మనిషి.

సార్ చెప్పినట్టు కంట్రోలర్‌లో మిక్సింగ్ తీసేశాను. అఖిల్ చక్కగా నడిపాడు. శిరీష చేతికి రిమోట్ ఇచ్చారు. నేరుగా పోవడానికి ఈశాన్యం తోసింది. రోబో వంకరగా దూసుకెళ్లి సార్ మోటారు సైకిల్ సైలెన్సర్‌ను కొట్టింది. బొటనవేలికి తర్కం చెప్పలేం. అది షెడ్డులో నేర్చుకున్నదే చేస్తుంది.

రిమోట్ అఖిల్‌కు వెళ్లింది. శిరీష స్క్రూడ్రైవర్లు డబ్బాలో సర్దుతూ, ఎవరికీ కనబడకుండా ఏడవడానికి ప్రయత్నించింది. ఆ డబ్బా మరీ చిన్నది, అందరికీ కనబడింది.

"అన్నా, నేను చేసిన రోబోను నేను బయట నిలబడి చూడాల్నా?" అని అడిగింది నన్ను.

ఇలాంటి చోట కథల్లో పెద్దమనిషి భుజం తట్టి జీవితసత్యం చెబుతాడు. నా దగ్గర అలాంటివి లేవు. నేను రిమోట్ మెనూలోకి వెళ్లాను.

ఇక్కడ నేర్చుకోవలసింది మోడల్ మెమరీ. కాస్త మంచి రిమోట్‌లో చాలా సెట్టింగులు వేర్వేరు పేర్లతో దాచుకోవచ్చు. రెండోసారి కలిపే లెక్కను కంట్రోలర్‌లోనే చేయాలని లేదు, రిమోట్‌లోనే వేసి, ఎడమ చక్రానికి పైకీ కిందికీ, కుడి చక్రానికి పక్కలకూ ఇస్తే పాత నడకే వస్తుంది. ఒకదానికి అఖిల్ అని, ఇంకొకదానికి శిరీష అని పేర్లు పెట్టాను. సేటు పదహారు ఛానళ్లలో ఒక్కటి కూడా ఇంత పని చేయలేదు.

"సార్, ఎవరి సెట్టింగు మీద ఆళ్లని నడపనియ్యుండ్రి. నీళ్ల క్యానును గీత దాటించినోళ్లకే రిమోట్" అన్నాను.

"తప్పు సెట్టింగుతోని గెలిస్తే ఏం లాభం?"

"ఓడిపోతే మీ కరెక్ట్ సెట్టింగుకే లాభం సార్. ఫికర్ ఎందుకు?"

ఆయన ఒప్పుకున్నారు. కొంచెం ఆలోచించి ఉంటే ఒప్పుకునేవారు కాదు. ఇద్దరికీ చెరొక క్యాను పెట్టాం. అఖిల్ క్యాను పక్కకు జారి కాలువలో పడింది. శిరీష తన క్యానును ఆవుదూడను తోలినట్టు తోలుకుంటూ వెళ్లి గీత దాటించింది.

"రేపు మ్యాచ్ మధ్యల నీకేమన్న అయితే ఈ రోబోను ఇంకెవ్వరు నడపలేరు, తెలుసా?" అన్నారు సార్, ఆఖరి ప్రయత్నంగా.

"మ్యాచ్ మధ్యల నేను పడిపోతే మీరు రోబోను చూస్తరా సార్, నన్ను చూస్తరా?"

సార్ జవాబు ఆలోచించడానికి కొంత సమయం తీసుకున్నారు. ఆ సమయమే ఆయనను ఓడించింది. రిమోట్ శిరీష చేతికి వచ్చింది.

పంజరం

పోటీ మొయినాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ముందు రోజు అక్కడ పెళ్లి అయింది. థర్మకోల్ మీద రాసిన వధూవరుల పేర్లు ఇంకా వేదిక మీదే ఉన్నాయి. వాటి కింద అద్దాల పంజరం, పంజరంలో రోబోలు. నూరేళ్ల పంట అంటే ఇదేనని ఎవరో అన్నారు.

శిరీషకు ఎదురుగా సిటీ నుంచి వచ్చిన జట్టు. అందరికీ ఒకే రంగు టీషర్టులు. వాళ్ల రోబోకు ముందు గుండ్రటి డ్రమ్ము, దానికి పళ్లు. మల్లయ్య ముందు వరసలో, పెళ్లివాళ్ల సోఫాలో కూర్చున్నాడు.

గంట కొట్టారు. శిరీష ఈశాన్యం తోసింది. రెండు రోబోలూ గుద్దుకున్నాయి, నిప్పురవ్వలు లేచాయి. అవి ఒక జానెడు ఎత్తు లేచాయి, నేను మొదట్లో పైకప్పు దాకా అన్నాను. రెండో గుద్దుకు మనది గాల్లో పల్టీ కొట్టి వీపు మీద పడింది.

హాలంతా "అయ్యో" అంది. రోబో తలకిందులైతే ముందుకు పొమ్మన్నది వెనక్కి పోతుంది. దానికోసం ఒక మీట పెట్టుకోవాలని పైన రాశాను. అఖిల్ సెట్టింగులో పెట్టాను. శిరీష వద్దంది, షెడ్డులో అదీ ప్రాక్టీసు చేసిందట. ఈశాన్యం నైరుతి అయింది, నైరుతి ఈశాన్యం అయింది. ఆ పిల్ల బొటనవేలు మూలలు మార్చుకుంది. రోబో కింద పడ్డదని జనానికి అర్థమయ్యేలోపే తిరిగి మీదికి పోయింది. కత్తి మధ్యలో ఉంది కాబట్టి ఎటు పడ్డా కోస్తుంది.

"మల్లయ్యా, నీ బిడ్డ ఉల్టా తోలుతున్నది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"రివర్స్‌ల ట్రాలీ పెట్టేటోని బిడ్డ, ఎట్లయినా తోలుతది!" అన్నాడు మల్లయ్య వెనక్కి తిరక్కుండా.

శిరీష వాళ్లను మూలకు నెట్టింది. వాళ్లు తప్పించుకుని మధ్యకు వచ్చారు. డ్రమ్ము పూర్తి వేగంతో మోగుతోంది. రెండు రోబోలూ ఎదురెదురుగా నిలిచాయి. రమణ సార్ కళ్లు మూసుకున్నారు. శిరీష వేలు ఈసారి నైరుతి వైపు కదిలింది.

మన రోబో ఇంకా చేరనే లేదు. వాళ్ల డ్రమ్ము ఆగింది, చక్రాలు ఆగాయి, రోబో చనిపోయింది. వాళ్ల డ్రైవరు స్టిక్‌ను పైకీ కిందికీ తోస్తున్నాడు, తిడుతున్నాడు, బతిమాలుతున్నాడు. జడ్జి పది లెక్కపెట్టాడు. శిరీష గెలిచింది.

అఖిల్ కళ్లద్దాలు ఊడి పడేలా గెంతాడు. రమణ సార్ కళ్లు తెరిచి, మైకు దగ్గరికి పోయి, ఇది మా జట్టు కావాలనే తయారు చేసిన ప్రత్యేక కంట్రోల్ విధానమని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. శిరీష రిమోట్‌ను రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది, ఎవరైనా మళ్లీ అడుగుతారేమో అన్నట్టు. ఎవరూ అడగలేదు.

మల్లయ్య పంజరం దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"బిడ్డా, నువ్వు కొట్టకముందే ఆగిండు కదనే వాడు?"

"అవు బాపు."

"మరి గెల్చినట్టేనా?"

"గెల్చినట్టే బాపు."

సిటీ జట్టు వాళ్లు రోబో మూత విప్పారు. నేనూ వంగి చూశాను. రిమోట్ మంచిదే, మిక్సింగ్ సరిగ్గా ఒక్కచోటే ఉంది, ఫెయిల్‌సేఫ్ పద్ధతి ప్రకారం పనిచేసి అన్నిటినీ ఆపింది. గుద్దుళ్ల అదురుకు, సిగ్నల్ అందుకునే రిసీవర్‌కు కరెంటు ఇచ్చే ప్లగ్గు ఊడిపోయింది, అంతే. అలా ఊడకుండా రిసీవర్ ప్లగ్గులన్నిటి మీదా తలా ఒక చుక్క హాట్ గ్లూ, అంటే వేడికి కరిగే జిగురు, వేయాలి. అది ముందు రోజే వేసుకోవాలి, గ్లూ గన్ వేడెక్కడానికి టైం పడుతుంది.